లెక్క తిరగరాసే వేళ కిటికీ మూయవలెనా?

మన సంఘాలలో ఈ మధ్య తరచుగా వినవస్తున్న ఫిర్యాదు ఒకటి వున్నది. ఉదయం పాలు పోసే వేళకు కంప్యూటరు తిరుగుతూనే వుంటుందనీ, ఈ పక్షం ఎంత అయిందని అడిగితే జవాబు రాదనీ, వరుసలో నిలబడ్డవారు విసుక్కుంటున్నారనీ ఆ ఫిర్యాదు. దీనికి కార్యదర్శిని తిట్టి లాభం లేదు. నెట్‌ను తిట్టినా చాలాసార్లు లాభం లేదు. ఆ సమయంలో యంత్రం లోపల ఒక లెక్క తిరగరాయబడుతూ వుంటుంది. ఆ పని ఏమిటో, సభ్యులకు అడ్డు రాకుండా దానిని ఎట్లా చేయించుకోవచ్చునో, అట్లా చేయించుకున్నచోట కొత్తగా వచ్చిపడే చిక్కు ఏమిటో ఇక్కడ వివరిస్తాను. ఇది కంప్యూటరు వారి వ్యవహారం గదా, మనకెందుకు అనుకోవద్దు. లెక్క మనది, పాలు మనవి.

ముందు పాత పద్ధతి గుర్తు చేసుకుందాము. మన రాష్ట్రంలో డెయిరీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 1974లోను, దాని తరువాత సహకార సమాఖ్య 1981లోను ఏర్పడిన రోజులలో గ్రామ సంఘానికి వుండిన ఆస్తి ఒక కాటా, నాలుగు క్యాన్లు, పరీక్ష గొట్టాలు, ఒక బీరువా రిజిస్టర్లు. పూటపూటకూ ఎవరు ఎన్ని లీటర్లు పోసినదీ, వెన్నశాతం ఎంత వచ్చినదీ పోత రిజిస్టరులో ఎక్కించేవారు. అది చిట్టా. పక్షానికి ఒకసారి కార్యదర్శి రాత్రిపూట కూర్చుని, ఒక్కొక్క నెంబరు కింద కూడి, వేరే కాగితం మీద మొత్తాలు రాసేవాడు. దానిని గోష్వారా అని పాతకాలపు గుమాస్తాలు అనేవారు. సభ్యుడు వచ్చి ‘నాకెంత వస్తుందయ్యా’ అని అడిగితే చిట్టా మొదటినుండి తిరగవేయనక్కరలేదు. గోష్వారా చూచి చెప్పేవాడు.

కంప్యూటరులో జరుగుతున్నది కూడా ఇదే. కాటా మీద క్యాను పెట్టగానే లీటర్లు, పరీక్ష యంత్రం నుండి వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్., దానికి రేటు, రొక్కం అన్నీ ఒక వరుసగా డేటాబేసులో చేరతాయి. 240 మంది సభ్యులున్న సంఘంలో అందరూ రెండు పూటలా పోస్తే రోజుకు 480 వరుసలు, ఏడాదికి 1,75,200. ఒక యూనియన్ కింద ఇటువంటి సంఘాలు 100 వున్నాయనుకుంటే ఏడాదికి కోటీ డెబ్బై అయిదు లక్షలు దాటుతుంది. ఎవరో ఒకరు తన మొత్తం అడిగినప్పుడెల్లా ఇన్ని వరుసలలో వెతికి కూడుతూ కూర్చుంటే ఎంత యంత్రమైనా రొప్పుతుంది. అందుచేత ఒకసారి కూడి, వచ్చిన మొత్తాలను వేరే పట్టికగా సిద్ధం చేసి పెట్టుకుంటారు. దీనికి మెటీరియలైజ్డ్ వ్యూ అని పేరు. మనము సిద్ధపట్టిక అనుకుందాము. ఒరాకిల్ వారి డేటాబేసులో ఈ పేరుతో 1999 నుండి వున్నది. అంతకుముందు వారే దీనిని స్నాప్‌షాట్ అనేవారు, అనగా ఫోటో. నిజానికి ఆ పాత పేరే బాగున్నది. ఫోటో తీసిన తరువాత పిల్లవాడు పెరిగినా ఫోటోలో పిల్లవాడు పెరగడు. ఖర్చు లేకుండా వాడుకోదగిన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఈ సౌకర్యం 2013లో వచ్చింది. ఇకమీదట చెప్పబోయేది ముఖ్యంగా ఆ పోస్ట్‌గ్రెస్ నడక.

ఫోటో పాతబడుతుంది గనుక మళ్లీ మళ్లీ తీయవలెను. అదే రిఫ్రెష్. చిక్కంతా ఇక్కడ వున్నది.

బ్లాకు బోర్డు మీద మొత్తాలు రాసే సంఘాలు మీలో పెద్దవారికి జ్ఞాపకం వుంటాయి. కొందరు కార్యదర్శులు ముందు తడిగుడ్డతో బోర్డు శుభ్రంగా తుడిచివేసి, తరువాత కూర్చుని ఒక్కొక్కటే కూడి రాసేవారు. వారు రాయడం పూర్తయ్యేవరకు చూడవచ్చినవారు నిలబడవలసిందే. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు రిఫ్రెష్ దాదాపు ఇట్లాగే నడుస్తుంది. పట్టికను తిరగరాస్తున్నంతసేపు దానికి లాకు వేస్తుంది. చదవడానికి వచ్చినవారికి కూడా దారి ఇవ్వదు. అర నిమిషంలో పని ముగిస్తే ఎవరికీ తెలియదు. పది నిమిషాలు పడితే, అదీ ఉదయం ఆరున్నరకు మొదలైతే, కిటికీ దగ్గర క్యాన్లు వరుస కడతాయి.

లాకు అనే మాట మన డెల్టావారికి చెప్పనక్కరలేదు. ఏలూరు కాలువ మీద, బందరు కాలువ మీద పడవలు తిరిగిన రోజులలో లాకుల దగ్గర ఏమి జరిగేదో పెద్దలను అడగండి. డేటాబేసు లాకులో కూడా ఒక విచిత్రమున్నది. పట్టిక మీద ఎవరో ఏడాది జాబితా అంతా తీస్తున్నారనుకోండి. వారు చదువుతున్నారు అంతే, మరొకరు వచ్చి చదువుకోవడానికి వారు అడ్డు కాదు. ఇంతలో రిఫ్రెష్ వచ్చి నాకు లాకు కావాలంటుంది. ఏడాది జాబితా పూర్తయ్యేవరకు దానికి లాకు దొరకదు, నిలబడుతుంది. దాని వెనుక వచ్చిన చిన్న చిన్న పడవలు, అనగా ‘నా పక్షపు మొత్తమెంత’ అనే సభ్యులు, వీరంతా రిఫ్రెష్ వెనుక ఆగిపోతారు. పని ఇంకా మొదలే కాలేదు, అయినా కాలువ అంతా నిలిచిపోయింది. ‘మా రిఫ్రెష్ పది సెకన్లలో అయిపోతుంది, మా వల్ల ఆలస్యం కాదు’ అని కంప్యూటరువారు చెప్పే మాట ఇందువల్లనే ఒక్కొక్కసారి నిజమూ కాదు, అబద్ధమూ కాదు. లాకు కోసం ఫలానా సెకన్లకు మించి నిలబడవద్దు, దొరకకపోతే వెనుకకు వచ్చి కొంతసేపటికి మళ్లీ ప్రయత్నించమని గడువు పెట్టే వీలు వున్నది. అది పెట్టించారా అని అడగవలెను.

కృష్ణా కాలువలను వేసవిలో కట్టివేసి, పూడిక తీసి, మరమ్మతులు చేసుకుని, మళ్లీ ఖరీఫ్‌కు నీరు వదులుతారు. నీటికి ఆ సదుపాయమున్నది. గేదెకు కట్టివేత లేదు. ప్రొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు వచ్చి తీరుతాయి, ఎండలో నిలబెడితే విరుగుతాయి. కనుక మన లెక్కను తిరగరాయడానికి కాలువ కట్టే పద్ధతి పనికిరాదు.

రెండవ పద్ధతి పోస్ట్‌గ్రెస్‌లో 2014 చివరి నుండి వున్నది. కంకరెంట్ రిఫ్రెష్ అంటారు. మంచి కార్యదర్శులు చేసే పనే ఇది. పాత కాగితం గోడ మీద వుండగానే లోపల కూర్చుని కొత్త కాగితం రాస్తారు. రాసిన తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏ నెంబరు మొత్తం మారిందో ఆ నెంబరు వరుస మాత్రమే సరిదిద్దుతారు. సరిదిద్దుతున్నంతసేపు చూడవచ్చినవారికి పాత లెక్క పూర్తిగా కనిపిస్తూనే వుంటుంది. అన్ని దిద్దుబాట్లూ ముగిసిన క్షణం నుండి వచ్చినవారికి కొత్త లెక్క పూర్తిగా కనిపిస్తుంది. సగం పాత, సగం కొత్త ఎవరి కంటా పడదు. ఇది సామాన్యమైన విషయం కాదు. సగం దిద్దిన గోష్వారా చూచి వూళ్లలో పుట్టిన తగాదాలు నాకు తెలుసు.

అయితే దీనికి కొన్ని నియమాలున్నాయి. పాత వరుసనూ కొత్త వరుసనూ జతపరచడానికి ఒక గుర్తు కావాలి. సంఘం నెంబరు, సభ్యుని నెంబరు, పక్షం, ఈ మూడూ కలిపితే పట్టికలో ఒకే ఒక వరుస వుండవలెను. ఆ సంగతి యూనిక్ ఇండెక్స్ రూపంలో యంత్రానికి ముందే చెప్పి వుండవలెను, లేకపోతే ఈ పద్ధతికి అది ఒప్పుకోదు. పట్టిక మొట్టమొదట ఒకసారి మామూలు పద్ధతిలో నిండి వుండవలెను. ఒక పట్టిక మీద ఒక వేళకు ఒకే రిఫ్రెష్ నడుస్తుంది. అరగంటకొకసారి పెట్టిన పనికి నలభై నిమిషాలు పడితే రెండవది మొదటిదాని వెనుక నిలబడుతుంది, మూడవది రెండవదాని వెనుక.

మరొక పొరపాటు అభిప్రాయం వున్నది. మారిన వరుసలే దిద్దుతుంది గదా, కాబట్టి లెక్క కూడా మారినంతవరకే కడుతుందని కొందరు అనుకుంటున్నారు. కాదు. కూడిక మొత్తం మొదటినుండి మళ్లీ కడుతుంది. పట్టికలో దిద్దడం మాత్రమే తేడా మేరకు. అందుచేత మన 240 మంది సంఘానికి ఏడాదికి 24 పక్షాల చొప్పున 5,760 వరుసలుంటే, మామూలు రోజున మారేవి నడుస్తున్న పక్షపు 240 మాత్రమే. అప్పుడు ఈ పద్ధతి చక్కగా నడుస్తుంది. రేటు వెనుకటి తేదీ నుండి పెంచారనుకోండి, వరుసలు వేలకొద్దీ మారతాయి. అటువంటి రోజున జతపరచి దిద్దడం కంటె అర్ధరాత్రి కిటికీ మూసి మామూలు పద్ధతిలో తిరగరాయడమే తక్కువ శ్రమ. ఏ పద్ధతి ఎల్లవేళలా మంచిదని అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు. ఇంకొకటి, దిద్దినప్పుడు కొట్టివేసిన పాత వరుసలు లోపలే చెత్తగా వుండిపోతాయి. వాటిని వ్యాక్యూమ్ అనే పని ఊడ్చిపోస్తుంది. అది మామూలుగా తనంతట తానే జరుగుతుంది గాని, రోజుకు యాభైసార్లు దిద్దించే చోట జరుగుతున్నదో లేదో చూచుకోవడం మంచిది.

ఇంకా కొన్ని దారులున్నాయి. కొత్త పట్టిక వేరే పేరుతో పూర్తిగా తయారుచేసి, ఆఖరున పేర్లు తారుమారు చేయడం ఒకటి. పేరు మార్చే క్షణానికి మాత్రమే లాకు. ఒరాకిల్‌లో చిట్టాలో పడిన మార్పులను వేరే లాగ్‌లో రాసి, వాటిని మాత్రమే పట్టికకు చేర్చే పద్ధతి వున్నది. అదే ఒరాకిల్‌లో, వేగం కోసమని, పట్టికను ముందు ఖాళీ చేసి తరువాత నింపే ఏర్పాటు కూడా వున్నది. ఆ మధ్యలో అడిగినవారికి ఆలస్యం వుండదు. సున్న కనిపిస్తుంది! పదిహేను రోజులు పాలు పోసిన మనిషికి సున్న చూపడం కంటె పావుగంట నిలబెట్టడం నయమని నా అభిప్రాయం.

ఇక అసలు చెప్పదలచుకున్నది. అడ్డురాని పద్ధతికి ఒక దుర్గుణమున్నది. కిటికీ మూతపడితే వూరంతా అరుస్తుంది, వెంటనే తెలుస్తుంది. పాత కాగితం గోడ మీద నిశ్శబ్దంగా వుండి, కొత్త కాగితం తయారవడమే ఆగిపోతే ఎవరికీ తెలియదు.

కొండపల్లి చుట్టుపక్కల నేను తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో ఇది జరిగింది. పేరు చెప్పడం ఎందుకు. అక్కడ మొదట ఉదయపు రద్దీలో కంప్యూటరు ఆగిపోతున్నదని గొడవ చేయగా, యూనియన్‌కు కంప్యూటరు పనులు చేసిపెట్టేవారు కంకరెంట్ పద్ధతికి మార్చారు. ఆగడం మానేసింది, అందరూ సంతోషించారు. కొన్నాళ్లకు ఒక పెద్దావిడ చీటీలు మూట కట్టుకుని వచ్చి కిటికీ ముందు కూర్చున్నది. చీటీ మీద ఆ పూట పోసిన లీటర్లు సరిగానే పడుతున్నాయి. అడుగున పడే పక్షపు మొత్తం మాత్రం నాలుగు రోజులుగా కదలడం లేదు.

‘ఏం నాయనా, నాలుగు రోజుల పాలు ఏట్లో పోసినట్టేనా?’ అన్నది.

‘అట్లా ఎందుకవుద్ది పిన్నిగారూ, రేపటికి వస్తయ్’ అన్నాడు కార్యదర్శి.

‘నిన్న కూడా రేపే అన్నావు గదా!’

ఆమె తప్పేమీ లేదు. అప్పటికే రెండు సాయంత్రాల పాలు ప్రయివేటు వ్యాపారి క్యానులో పోసివచ్చింది. మరి ముగ్గురు ఆమె దారి పట్టారు. మేము ఆమె చీటీలు ముందు పెట్టుకుని చేత్తో కూడి, చిట్టాలోని వరుసలతో ఒక్కొక్కటి టిక్కు పెట్టుకుంటూ పోల్చి చూచాము. అన్నీ వున్నాయి. ఒక్క చుక్క పోలేదు. పోయింది గోష్వారా నడక.

కారణం వెతికితే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. వేరొక సంఘంలో ఒక సభ్యుడు చనిపోగా, ఆయన సభ్యత్వం కోడలి పేరుకు మార్చారు. మార్చేటప్పుడు పాత పేరు ముగించకుండా, అదే నెంబరు మీద కొత్త పేరు రెండవ వరుసగా చేర్చారు. సిద్ధపట్టిక కట్టేటప్పుడు యంత్రం చిట్టాను సభ్యుల రిజిస్టరుతో కలుపుతుంది. ఒకే నెంబరుకు రెండు పేర్లు దొరికేసరికి ఒకే పక్షానికి రెండు వరుసలు తయారయ్యాయి. నెంబరుకు ఒకే వరుస వుండవలెనని యూనిక్ ఇండెక్స్ చెప్పింది గదా, అది ఒప్పుకోలేదు. చేసిన పని అంతా రద్దు చేసుకుని, పాత పట్టికను వున్నదున్నట్టు వుంచింది. ప్రతిసారీ ఇంతే. ఆ పట్టిక యూనియన్ మొత్తానికి ఒక్కటే కావడం వల్ల ఒక వూరి రిజిస్టరులో తప్పుకు అన్ని వూళ్ల లెక్క ఒకే తేదీ దగ్గర ఆగిపోయింది. మిగతా వూళ్లలో కూడా గొణుక్కున్నారట గాని, నెట్ రాలేదనుకుని వూరుకున్నారు. యంత్రం తన తప్పు పట్టీలో రోజూ తప్పు రాస్తూనే వున్నది, చదివే మనిషి లేడు.

యంత్రాన్ని నిందించడం న్యాయం కాదు. రెండు వరుసలనూ ఒప్పుకుని వుంటే అదే పాలకు రెండు పేర్ల మీద డబ్బు లెక్క కట్టేది. ఆడిట్‌లో అది తేలేసరికి ఏడాది గడిచేది. పాత పేరును ముగింపు తేదీతో మూసి, నడుస్తున్న సభ్యులలో ఒక నెంబరుకు ఒకే పేరు వుండేట్లు రిజిస్టరుకే కట్టుబాటు పెట్టిన తరువాత ఆ రాత్రి రిఫ్రెష్ నడిచింది. సభ్యత్వం బదిలీ కాగితం సంఘం బీరువాలో ఫైలు చేస్తే సరిపోయిందనుకునే కార్యదర్శులు దీనిని గమనించవలెను.

దీని తరువాత అక్కడ చీటీ అడుగున ‘ఈ మొత్తం ఫలానా తేదీ ఫలానా గంటవరకు’ అని వేయించాము. పాత లెక్క చూపడం తప్పు కాదు, ఎప్పటి లెక్కో చెప్పకుండా చూపడం తప్పు. ఈ చిన్న పనిలో కూడా ఒక గుంట వున్నది, మేము అందులో పడి లేచాము గనుక చెబుతున్నాను. తేదీ, గంట చూపవలెనంటే కుర్రవాడొకడు సిద్ధపట్టికలోనే ప్రతి వరుస చివర రిఫ్రెష్ అయిన వేళ వచ్చేట్లు పెట్టాడు. చూడడానికి బాగున్నది. కాని వేళ మారితే వరుస మారినట్లే గదా! 240 మారవలసిన చోట 5,760కి 5,760 మారినట్లు యంత్రం లెక్కించి అన్నిటినీ తిరగరాయడం మొదలుపెట్టింది. రిఫ్రెష్ నత్తనడక అయింది. తరువాత ఆ వేళను వేరుగా ఒకే వరుస గల చిన్న పట్టికలో, రిఫ్రెష్ సక్రమంగా ముగిస్తేనే రాసేట్లు మార్చారు. ముగియకపోతే పాత వేళే వుండిపోతుంది, చూచినవారికి సంగతి తెలిసిపోతుంది. ఆ వేళ ఒక రోజుకంటె పాతదైతే సూపర్‌వైజరు ఫోనుకు కబురు వెళ్లే ఏర్పాటు కూడా చేశారు.

బిల్లు చెల్లింపు సంగతి వేరు. పక్షం ముగిసి బ్యాంకుకు జాబితా పంపేటప్పుడు సిద్ధపట్టికను నమ్మకూడదు. ఆ రోజు చిట్టా నుండే నేరుగా కూడించవలెను. పది నిమిషాలు పట్టినా ఫరవాలేదు, నెలకు రెండుసార్లే గదా. గోష్వారా చూచుకోవడానికి, చిట్టా చెల్లించడానికి. పాత ఆడిటర్లు ఈ మాటనే మరొక విధంగా చెప్పేవారు. మొత్తాల కాగితం ఎంత అందంగా వున్నా, వోచరు చూపమనేవారు.

వేళ నిర్ణయం పాలకవర్గం చేతిలో పని. ఉదయపు పోత, సాయంత్రపు పోత నడిచే గంటలలో ఏ రిఫ్రెష్ పెట్టవద్దు, అడ్డురాదని చెప్పినా సరే. లెక్క కట్టడానికి యంత్రం పడే శ్రమ శ్రమే, కాటా దగ్గరి చీటీ ఆ మేరకు ఆలస్యమవుతుంది. సాయంత్రపు వ్యాను వెళ్లిన తరువాత ఒకసారి, తెల్లవారుజామున పోతకు ముందు ఒకసారి చాలును. అరగంటకొకసారి కావాలని పట్టుబట్టే సంఘాలున్నాయి. ఉదయం పోసిన పాలు మధ్యాహ్నానికి మొత్తంలో కలవకపోతే కొంపలేమీ మునగవు.

వానాకాలంలో మాత్రం ఒక సంగతి చూచుకోవలెను. కరెంటు, నెట్ లేని పూట పోత సంఘం యంత్రంలోనే నిలిచి, మరునాడు ఎప్పుడో యూనియన్‌కు చేరుతుంది. రాత్రి రిఫ్రెష్ నడిచిన తరువాత చేరిన ఆ పూట, తరువాతి రిఫ్రెష్ వరకు మొత్తంలో కనిపించదు, చీటీ అడుగున వేళ ఎంత సరిగా పడినా సరే. కనుక ఆ వేళ పక్కనే ‘మీ సంఘం నుండి ఫలానా పూట వరకు చేరినది’ అని రెండవ పంక్తి కూడా వేయించమని యూనియన్‌కు తీర్మానం చేసి పంపండి. పక్షం ఆఖరి పూట ఇట్లా ఆలస్యంగా చేరితే, పోసిన తేదీని బట్టి ఆ పక్షంలోనే కలపవలెను గాని చేరిన తేదీని బట్టి తరువాతి పక్షంలో కాదు. ఈ రెండు తేదీలూ డేటాబేసులో వేరువేరుగా రాయిస్తున్నారో లేదో మీ కార్యదర్శిని అడిగి తెలుసుకొనగలరు.